అడ్డగీత

మా ఇంట్లో రబ్బరు ఉండేది కాదు. పెన్సిళ్ళుండేవి, పెన్నులుండేవి, చెక్కుకోవడానికి బ్లేడు ముక్క కూడా ఉండేది. రబ్బరును మాత్రం నాన్న గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. బళ్ళో తక్కిన పిల్లలు తప్పు రాస్తే చెరిపేసి ఏమీ ఎరగనట్టు కూర్చునేవాళ్ళు. నా నోటు పుస్తకాల్లో తప్పు మీద ఒక అడ్డగీత, పక్కన ఒప్పు, దాని కింద నా పొడి అక్షరాలు ఉండేవి. "ఇదేమన్నా కోర్టు కాగితమా?" అని ఒకసారి టీచరమ్మ క్లాసంతా నవ్వేలా అడిగింది. ఇంటికొచ్చి ఏడ్చాను. నాన్న నా పుస్తకం తిరగేసి, "చెరపకూడదు తల్లీ. నువ్వు ముందేమనుకున్నావో కూడా కనబడాలి. అప్పుడే నువ్వు రాసింది నమ్ముతారు" అన్నాడు.

అది ఆయనకు పని నేర్పిన అలవాటు. నాన్న ఒకప్పుడు చమురు బావుల దగ్గర లాగర్‌గా ఉండేవాడు. తవ్వుతున్న కొద్దీ బురదతో పాటు పైకొచ్చే రాతి పొట్టును జల్లెడ పట్టి, కడిగి, భూతద్దం కింద పెట్టి, ఏ లోతులో ఏ రాయి ఉందో, చమురు మరక ఏమైనా ఉందో లేదో రాసిపెట్టడం ఆ పని. ఒక్క బావితో ఆ పని పోయింది. మరక వచ్చిన షిఫ్టులో నిద్రపోయాడని పేరు పెట్టారు. ఆ తర్వాత ఏ రిగ్గు మీదకీ ఆయన్ను పిలిచిన వాళ్ళు లేరు. పాతికేళ్ళు లారీలు తూచే కాటా దగ్గర చీటీలు రాసి రిటైరయ్యాడు.

పొయ్యి మీద పాలు పొంగినా, కుళాయి కట్టేయడం మరిచినా అమ్మ ఒకే మాట అనేది. "అంతే మరి, బావి దగ్గర నిద్రపోయిన మనిషి!" నాన్న లేచి వెళ్ళి కుళాయి కట్టేసేవాడు. ఆ మాటకు నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది, అందరికన్నా ముందు నా మీద నాకే.

నేను జియాలజీ చదివి ఒకప్పుడు నాన్న పనిచేసిన కంపెనీలోనే ఉద్యోగానికి అర్జీ పెట్టినప్పుడు ఆయన వద్దనలేదు. "రాళ్ళేం తప్పు చేశాయి, చేరు" అన్నాడు. చేరిన నాలుగో ఏడు, ఆ ఎండాకాలం, నా బల్ల మీదకు సరిగ్గా ఆ బావి ఉన్న లోయే వచ్చి పడింది.

ఆ లోయ ఎప్పుడో నేల రెండుగా చీలి కుంగినప్పుడు పుట్టింది. కుంగిన చోట సరస్సు నిలిచింది, సరస్సు అడుగున నాచూ బురదా పేరుకున్నాయి, వాటి మీద పొర మీద పొరగా మట్టి పడింది. లోతుకు పోయిన కొద్దీ వేడికి ఆ నాచు ఉడికి చమురవుతుంది. చమురు ఊరుకోదు, ఇసుకరాతి సందుల్లోంచి పైకి పాకుతుంది. దారిలో దాన్ని ఆపే గుట్టలాంటి మడత ఒకటి ఉంటే అక్కడ చేరుతుంది, లేకపోతే పోతుంది. ఇదంతా ఎప్పుడు, ఏ వరుసలో జరిగిందో కంప్యూటర్లో కోట్ల ఏళ్ళు వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిపించి చూడటమే నా పని. ఆ లోయ గురించి కంపెనీ దగ్గరున్నదల్లా నాన్న పనిచేసిన ఆ ఒక్క బావి, భూమి లోపలి పొరలను చూపించే పాత పటాలు ఐదు.

మా డైరెక్టర్ని ఆఫీసంతా పెద్దాయన అంటుంది. తెల్లని చొక్కా, మెత్తని గొంతు. ఎవరి మీదా అరవగా చూసినవాళ్ళు లేరు. "వేసవి ఆఖరుకి బయటి కంపెనీ వాళ్ళు వస్తున్నారమ్మా. పాత బావి పక్కనే కొత్తది తవ్వుదామని చెప్పాలి. మీ కంప్యూటర్ నమూనా బాగా రావాలి" అన్నారు నన్ను పిలిచి.

"నమూనా బాగా రావడమంటే ఏంటి సార్?"

"అదేంటమ్మా, మీకు నేను చెప్పాలా!" అని నవ్వారు.

ఏసీ పాడైన గదిలో, తడిగుడ్డ మెడకు చుట్టుకుని ఆరు వారాలు కూర్చున్నాను. రాతిలో ఇరుక్కున్న ప్రాచీన కాలపు చెక్క తునకలు ఎంత వేడి తింటే అంతగా మెరుస్తాయి. లాబ్‌లో ఆ మెరుపు కొలిపించాను. దాని ప్రకారం ఆ నాచు ఆరు కోట్ల ఏళ్ళ కిందటే ఉడికి చమురు వదిలేసింది. ఇక మడత సంగతి. గుట్ట ముందే ఉండి ఉంటే దాని నెత్తిన పడే మట్టి పల్చగా, పక్కల మందంగా పేరుకోవాలి. పటాల్లో చూస్తే రెండు కోట్ల ఏళ్ళ నాటి వరకు పొరలన్నీ అటు నుంచి ఇటు ఒకటే మందం. అంటే అప్పటిదాకా అక్కడ గుట్టే లేదు. చమురు పుట్టింది, పాకింది, పోయింది. ఆ తర్వాత నాలుగు కోట్ల ఏళ్ళకు తీరిగ్గా గుట్ట లేచింది. పాలు పితకడం అయిపోయాక గిన్నె తెచ్చి కింద పెట్టినట్టు.

పెద్దాయనకు అదే చెప్పాను. ఆయన పటాన్ని దగ్గరికి లాక్కున్నారు.

"ఆ గుట్ట వయసు అంత ఖచ్చితంగా ఎవరు చెప్పగలరమ్మా? కాస్త వెనక్కి జరిపి చూడండి."

"కాస్త కాదు సార్, నాలుగు కోట్ల ఏళ్ళు జరపాలి."

"కోట్ల ఏళ్ళ లెక్కల్లో అదెంత!"

నేను జరపలేదు. తర్వాతి సోమవారం ఫైలు తెరిచేసరికి రెండు కోట్లు ఉన్నచోట ఏడు కోట్లు ఉంది. గుట్ట నిండా ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. ఆకుపచ్చ అంటే చమురు. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో, ముందు ఏముండేదో ఆనవాలు లేదు. అడుగున మాత్రం "నమూనా తయారుచేసినది" అని నా పేరు ఉంది. దొంగసొత్తు తెచ్చి నా బీరువాలో పెట్టి తాళం చెవి నాకే ఇచ్చినట్టుంది.

ఆ ఫైలుతో పాటు వచ్చేవాళ్ళకిచ్చే పుస్తకం చిత్తు ప్రతి కూడా ఉంది. అందులో పాత బావిలో చమురు ఎందుకు పడలేదో ఒక పేరా రాశారు. పాత రిపోర్టులోని వాక్యాన్ని యథాతథంగా దింపారు: "2140 మీటర్ల వద్ద చమురు జాడ కనిపించినట్లు రిగ్గు కార్మికులు తెలిపారు. లాగర్ నిద్రలో ఉండి నమోదు చేయలేదు. అతని నిర్లక్ష్యం వల్ల ఈ పొరను పరీక్షించే అవకాశం చేజారింది." కాబట్టి చమురు అక్కడే ఉందని, ఆ లాగర్ కన్ను మూయడం వల్లే ఇన్నాళ్ళూ దొరకలేదని, మళ్ళీ తవ్వితే దొరుకుతుందని దాని సారాంశం.

ముప్పై ఏళ్ళ కింద ఒకసారి వాడుకుని పారేసిన మనిషిని తవ్వి తీసి మళ్ళీ వాడుకుంటున్నారు. నేను ఫైలు మూసి ఇంటికి వెళ్ళిపోయాను.

నాన్న వరండాలో కుర్చీ పట్టె బిగిస్తున్నాడు. అమ్మ లోపల బట్టలు మడతపెడుతోంది.

"నాన్నా, రెండు వేల నూట నలభై దగ్గర ఏం చూశావు?"

ఆయన సుత్తి పక్కన పెట్టాడు. లోతు చెప్పగానే ఏ బావి అని కూడా అడగలేదు.

"మచ్చ. ఎండిన తారు లాంటిది. తడి లేదు, వాసన లేదు. ఎప్పుడో చమురు ఆ దారిన పోతూ అంటించి పోయిన మచ్చ. పచ్చి నూనె కాదు."

"రాశావా?"

"రాయకుండా ఎలా ఉంటాను? మచ్చ కనబడితే తవ్వకం ఆపించి, సైటు జియాలజిస్టుకి చెప్పాలి. ఆయన వచ్చి చూసి, ఆ రాతిని పరీక్షించాలో వద్దో తేల్చాలి. అది రూలు. ఆయన చెప్పకుండా రెండు రోజులు ఊరెళ్ళాడు. కబురు పంపాను. 'మామూలు మరకే అయ్యుంటుంది, కానివ్వండి' అని తిరుగు కబురు పంపాడు. కానిచ్చాం. తర్వాత పైవాళ్ళు వచ్చి ఎందుకు ఆపలేదని నిలదీస్తే నా వైపు వేలు చూపించాడు."

"ఎవరు నాన్నా ఆ జియాలజిస్టు?"

నాన్న మళ్ళీ సుత్తి అందుకున్నాడు. "మీ పెద్దాయనే."

లోపల బట్టల చప్పుడు ఆగింది. అమ్మ మాత్రం బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే రికార్డు గదికి వెళ్ళాను. ఆ గది చూసే ఆవిడను బీరువాలక్క అంటారు. ఏ కాగితం ఏ బీరువాలో ఏ అరలో ఉందో చూడకుండా చెబుతుంది. బావి లాగ్ అంటే గజాల కొద్దీ పొడవుండే కాగితపు చుట్ట. ఇద్దరం రెండు బల్లలు కలిపి దాన్ని పరిచాం. పది పది మీటర్లకూ నాన్న గుండ్రటి అక్షరాలు. కొట్టివేతలు, పక్కన దిద్దుబాట్లు, పొడి అక్షరాలు. నా చిన్నప్పటి నోటు పుస్తకం చూస్తున్నట్టే ఉంది. 2140 దగ్గర ఖాళీ.

"ఇక్కడొక్కచోటే ఏం రాయలేదేంటి?" అంది బీరువాలక్క.

కాగితం అంచు పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తాను. ఆ ఖాళీ చోట కాగితం పల్చబడి వెలుగు లోపలికి వస్తోంది. నూగు లేచి ఉంది. బ్లేడుతో గీకారు. బావి మొత్తం మీద చెరిపిన చోటు అదొక్కటే. చెరిపింది ఎవరైనా కావచ్చు, నాన్న మాత్రం కాదు. ఇంట్లోకి రబ్బరే రానివ్వని మనిషి బ్లేడు పట్టుకుని కాగితం గీకుతాడా?

"రాతి పొట్టు సంచులు ఇంకా ఉన్నాయా అక్కా?"

"వెనక షెడ్డులో. ముప్పై ఏళ్ళుగా ఎవ్వరూ ముట్టుకోలేదు. ముక్కుకి గుడ్డ కట్టుకో."

షెడ్డులో రేకు కింద కూర్చుని పెట్టెలు ఒక్కొక్కటే దింపాం. పిడికెడంత గుడ్డ సంచులు, ప్రతి దానికీ దారంతో కట్టిన చీటీ. మధ్యాహ్నానికి దొరికింది. చీటీ మీద ముందు 2150 అని రాసి, అడ్డగీత కొట్టి, పక్కన 2140 అని రాసి ఉంది. కింద తెగిన రాయి పైకి వచ్చేసరికి తవ్వకం ఇంకొన్ని మీటర్లు దిగిపోతుంది, ఆ తేడా తీసేయాలి. తీసేసి పొడి అక్షరాలు పెట్టాడు. కింద రెండు లైన్లు. "మచ్చ ఉంది. ఎండిన తారు, పచ్చి నూనె లేదు. సైటు జియాలజిస్టుకు చెప్పాను." తేదీ, సమయం.

లాగ్ గీకిన వాడికి సంచి విప్పాలని తోచలేదు. చేతులు మురికి కాని ఉద్యోగం కదా.

పొట్టును నీలి దీపం కింద పెట్టి చూశాను. పచ్చి నూనె అయితే పసుపుగా మెరవాలి. మెరవలేదు. నల్లగా, మొండిగా ఉంది. నాన్న భూతద్దంతో చూసి రెండు లైన్లలో రాసిందీ, నేను ఆరు వారాలు కంప్యూటరుతో కుస్తీ పట్టి తేల్చిందీ ఒకటే. చమురు ఈ దారిన వచ్చింది, ఆగలేదు, పోయింది.

సాయంత్రం ఇంట్లో ఆ చీటీ ఫోటో చూపించాను. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని, "దారం నేను కట్టిందే" అన్నాడు, అంతే. అమ్మ ఫోను తీసుకుని రెండుసార్లు చదివింది. ఆవిడకు కోపం వచ్చింది, వచ్చి నాన్న మీదే పడింది.

"ముప్పై ఏళ్ళు! నేనన్న మాటలన్నీ పడుతూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారా? నోరు లేదా మీకు? ఒక్కసారి చెప్పొచ్చుగా!"

"చెప్పాను. ఆ బావి దగ్గర్నుంచి వచ్చిన రోజే చెప్పాను" అన్నాడు నాన్న. "కంపెనీ వాళ్ళు ఊరికే రాస్తారా అన్నావు నువ్వు."

అమ్మ ఫోను నా చేతిలో పెట్టి గదిలోకి వెళ్ళింది. ఆ వేళ నుంచి మా ఇంట్లో ఆ హాస్యం మళ్ళీ వినబడలేదు. పాలు పొంగితే అమ్మే లేచి వెళ్ళి చప్పుడు చేయకుండా పొయ్యి తుడుచుకునేది.

మూడో రోజు పెద్దాయన పిలిచారు. నేను షెడ్డుకి వెళ్ళిన కబురు చేరినట్టుంది.

"మీ నాన్నగారిని నేనెరుగుదునమ్మా. మంచి పనివాడు" అన్నారు.

ఆయనకు తెలుసు! నేను ఎవరి కూతురినో తెలిసే ఆ పేరా పక్కన నా పేరు పెట్టుకున్నారు.

"పాత సంగతులు ఎందుకు తవ్వుకోవడం? కొత్త పుస్తకంలోంచి ఆ వాక్యం తీసేయిస్తాను. మీకూ మనశ్శాంతి. మీరు ఆ ఏడు కోట్ల నమూనా మీద సంతకం పెట్టండి."

"ఆలోచించుకుని చెబుతాను సార్" అన్నాను. అలా అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడతాను. కానీ ఆ వాక్యం నా గురించి కాదు, నాన్న గురించి. ఆయన్ను అడగకుండా కాదనే హక్కు నాకు లేదనుకున్నాను.

నాన్న విని, "తీసేస్తారా, దిద్దుతారా?" అని అడిగాడు.

"తీసేస్తారట."

"తీసేయడమంటే చెరపడమేగా. మొదట నేను రాసింది చెరిపారు, ఇప్పుడు వాళ్ళు రాసింది చెరుపుతారు. చివరికి ఏం మిగిలిందట? అక్కడ ఏమీ జరగలేదనేగా!" ఆయన గొంతు పెరగడం నేను వినడం అదే మొదటిసారి. "నాకక్కర్లేదు. ఉండనీ ఆ వాక్యం. నీ లెక్క మాత్రం నువ్వు మార్చకు."

వచ్చినవాళ్ళు నలుగురు. పొడుగు బల్లకు అటు వాళ్ళు, ఇటు మేము, చివర్న పెద్దాయన. నా వంతు వచ్చింది. తెర మీద గుట్ట వయసు వేశాను. ఏడు కోట్ల ఏళ్ళు. దాని మీద ఒక అడ్డగీత. పక్కన రెండు కోట్ల ఏళ్ళు, కింద నా పొడి అక్షరాలు, తేదీ.

వాళ్ళలో నెరిసిన జుట్టావిడ అడిగింది. "ఈ కొట్టివేత ఏమిటి?"

"తప్పు సంఖ్య అండి. దాన్ని ఎవరు పెట్టారో ఫైలు చెప్పదు. దిద్దింది నేనని ఇది చెబుతుంది."

ఎందుకు రెండు కోట్లో పొరల మందం చూపించాను. ఆకుపచ్చ లేని గుట్టను చూపించాను. తర్వాత గుడ్డ సంచి బల్ల మీద పెట్టాను. "ఈ మచ్చ లాగర్ నమోదు చేయలేదని మీ చేతిలోని పుస్తకంలో ఉంది. చీటీ చదవండి."

ఆవిడ పైకే చదివింది. చివరి మాట దగ్గర ఆగి, "అప్పట్లో సైటు జియాలజిస్టు ఎవరు?" అంది.

పెద్దాయన గ్లాసు అందుకుని మంచినీళ్ళు తాగారు. నీళ్ళు అయిపోయాక కూడా గ్లాసు దించలేదు.

వాళ్ళు మర్యాదగా లేచి వెళ్ళారు, మళ్ళీ రాలేదు. ఆ లోయలో బావి పడలేదు. అక్కడికి న్యాయం జరిగిందని మీరనుకుంటే పొరపాటు. పెద్దాయన కుర్చీ కదల్లేదు. పాత రిపోర్టు దిద్దమని నేను పెట్టిన అర్జీకి, "ముప్పై ఏళ్ళ నాటి దాన్ని ఇప్పుడెవరు తిరగరాస్తారు" అని రెండు ముక్కల జవాబు వచ్చింది. మరో వారానికి, నా సేవలు ఇక అవసరం లేదన్న ఉత్తరం వచ్చింది. అందులో నిర్లక్ష్యం అన్న మాట కూడా ఉంది. మా ఇంటి వాళ్ళ మీద ఆ మాట వాడటం వాళ్ళకు బాగా అలవాటైపోయినట్టుంది.

ఆఖరి రోజు గుర్తింపు కార్డు అప్పగించే ముందు రికార్డు గదికి వెళ్ళాను. పాత రిపోర్టు అడిగాను. ఆ వాక్యం ఉన్న పేజీ తెరిచి, పెన్ను తీశాను.

"ఏయ్, అది రికార్డు!" అంది బీరువాలక్క. "దాని మీద రాయకూడదు."

"చెరపడం లేదక్కా."

ఆవిడ నా మొహం చూసింది, పెన్ను చూసింది. ముందు తలుపు దగ్గరికి వెళ్ళి బయటికి తొంగి చూసింది. తర్వాత వచ్చి సొరుగు లాగి, "చేత్తో కొడితే వంకర పోతుంది. స్కేలు ఇదిగో" అంది.

ఇంటికి వెళ్ళేసరికి ఇద్దరూ వరండాలోనే ఉన్నారు. ఉద్యోగం గురించి ఎవరూ అడగలేదు. గీత కొట్టానని చెప్పాను.

"పక్కన ఏం రాశావు?" అన్నాడు నాన్న.

"2140 మీటర్ల వద్ద ఎండిన మచ్చ. లాగర్ చూశాడు, నమోదు చేశాడు, చెప్పాడు. సంచి చీటీ చూడండి."

"సంతకం?"

"పెట్టాను. తేదీ కూడా వేశాను."

"గీత కింద వాక్యం ఇంకా కనబడుతోందా?"

అమ్మకు ఉండబట్టలేదు. "అదింకా కనబడటం దేనికండీ? నల్లగా పూసేసి రావలసింది!" కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎవరి కంటా పడకుండా."

"పూసేస్తే వాళ్ళేమన్నారో ఎవరికి తెలుస్తుంది?" నాన్న అమ్మ వైపు తిరిగి మెల్లగా అన్నాడు. తర్వాత నన్ను మళ్ళీ అడిగాడు. "కనబడుతోందా?"

"ప్రతి అక్షరం కనబడుతోంది నాన్నా. నిద్రలో ఉండి అన్నదీ కనబడుతోంది, నిర్లక్ష్యం అన్నదీ కనబడుతోంది."

"అయితే సరిగ్గానే కొట్టావు" అన్నాడు నాన్న.